యేసులాంటి దేవుడు

ఎవరి జ్ఞాపకార్థం ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి జీవిత విశేషాలు ఆహ్వాన పత్రికలో అచ్చయ్యాయి కాబట్టి నేను మళ్ళీ చెప్పను. ఆయన సంఘంలో పెద్ద, బడిలో లెక్కల మాస్టారు. లెక్కల మాస్టార్లతో ఒక చిక్కుంది. జవాబు ఒప్పే అయినా, అది ఎలా వచ్చిందో వరస తప్పకుండా చూపించకపోతే మార్కులు వెయ్యరు. ఇవాళ నేను ఎత్తుకున్న విషయానికి ఆ పద్ధతే సరిపోతుంది. క్రైస్తవులు యేసు ద్వారా దేవుణ్ణి తెలుసుకుంటారన్నది సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చిన జవాబు. ఎలా తెలుసుకుంటారు? ఆ జవాబుకు ముందు ఏం జరిగింది?

మా వీధిలో ఒక మిత్రుడున్నాడు. భాగవతం బాగా చదివినవాడు. మా ఇంట్లో ఒక ప్రార్థన కూడికకు వచ్చి, అయిపోయాక నన్ను పక్కకు పిలిచి అడిగాడు: “మీ పాస్టరుగారు మొదలుపెట్టినప్పుడు తండ్రీ అన్నారు, మధ్యలో ప్రభువా అన్నారు, ముగించేటప్పుడు యేసు నామంలో అడుగుతున్నామన్నారు. ఇంతకీ ఆయన మాట్లాడింది ఎవరితో?” వెక్కిరింపుకు అడిగిన మాట కాదు. మనలో చాలామంది ఠక్కున ఇచ్చే జవాబు, యేసే దేవుడండీ అని. అందులో తప్పు లేదు. కానీ దేవుడంటే ఎవరో మనకు ముందే తెలిసిపోయింది, యేసు కూడా ఆయనేనని చెప్పడం ఒక్కటే మిగిలింది అన్నట్టుంటుంది ఆ జవాబు. కొత్త నిబంధన నడిచిన దారి అది కాదు. అక్కడ మనుషులు యేసును ముందు చూశారు. ఆయన్ను చూసి, దేవుడు ఎలాంటివాడన్న తమ అవగాహనను దిద్దుకున్నారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ దిద్దుబాటు గురించే.

ఆ దిద్దుబాటు ఎవరికి జరిగిందో గమనించండి. పేతురు, యోహాను, మగ్దలేనే మరియ, అందరూ యూదులు. దేవుడొక్కడేనని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వల్లించే జాతి. ఆ నామాన్ని నోట పలకడానికి కూడా వెనకాడే జాతి. పిలాతు కాలంలోనే చక్రవర్తి బొమ్మలున్న ధ్వజాలను రోమా సైనికులు యెరూషలేములోకి తీసుకొస్తే, ఆ జనం కైసరయకు వెళ్ళి, కత్తుల ముందు మెడలు చాచి, నరికినా ఒప్పుకోమన్నారని జోసీఫస్ రాశాడు. అలాంటివాళ్ళు ఒక వడ్రంగిని పట్టుకుని ప్రభువా అన్నారంటే అది ఊరికే వచ్చిన మాట కాదు.

వాళ్ళు చూసిందేమిటి? సుంకరుల ఇళ్ళలో కూర్చుని తిన్న మనిషిని. కుష్ఠరోగిని బాగుచేశాక ముట్టుకోవడం ఎవరైనా చేస్తారు. ఈయన ముందు ముట్టుకున్నాడు, తరవాత బాగుచేశాడు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి గలవాణ్ణి నలుగురి మధ్య నిలబెట్టాడు. పాపాలు క్షమించబడ్డాయని ఆలయంతో, బలితో పనిలేకుండా తన నోటితో చెప్పాడు. ఇలాంటివాళ్ళతో తింటాడేమిటని పెద్దలు సణిగినప్పుడు మూడు కథలు చెప్పాడు: తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, ఇల్లు విడిచిపోయిన కొడుకు. లూకా సువార్త 15వ అధ్యాయం. మనం ఆ కథల్ని పశ్చాత్తాపం మీద ప్రసంగాలకు వాడుకుని ఊరుకుంటాం. కానీ అవి ఒక నింద మీద చెప్పిన సంజాయిషీ. నేనిలా కూర్చుని తింటున్నానంటే దేవుడు అలాంటివాడు కాబట్టి అన్నది ఆ సంజాయిషీ సారం. తన పంక్తి భోజనాన్ని చూపించి దేవుడి స్వభావం చెప్పిన బోధకుడు ఆయన.

తరవాత సిలువ వేశారు. మాను మీద వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండం. అంటే శిష్యులు నమ్మిన లేఖనమే వాళ్ళకు తీర్పు చెప్పేసింది: ఈ మనిషిని దేవుడు కాదన్నాడు, ఆ భోజనాలు, ఆ ముట్టుకోవడాలు, ఆ క్షమాపణలు ఏవీ దేవుడివి కావు. మూడో రోజున ఏం జరిగిందన్న దాని మీద చరిత్రకారులు ఎన్ని వాదాలైనా చెయ్యవచ్చు. ఆ శిష్యులకు మాత్రం అది తీర్పు తిరగబడటం. దేవుడు ఈయన పక్షాన నిలబడ్డాడు. అయితే సుంకరి ఇంట తిన్నది కూడా దేవుడి పనే. కుష్ఠరోగిని ముట్టిందీ దేవుడి చెయ్యే. తార్సువాడైన పౌలు ఈ ముడి దగ్గరే కూలిపోయాడు. ధర్మశాస్త్రం బాగా తెలిసినవాడు కాబట్టే శాపగ్రస్తుణ్ణి మెస్సీయ అంటారా అని మండిపడ్డాడు. ఆ శాపగ్రస్తుణ్ణే దేవుడు లేపాడని నమ్మిన రోజున, ఆయనకు యేసు మీద అభిప్రాయం మారడంతో సరిపోలేదు, దేవుడి మీదే అభిప్రాయం మారింది. మన ప్రసంగాల్లో ఈ రెండో మార్పు ఎందుకో పెద్దగా వినపడదు.

యోహాను సువార్తలో చివరి రాత్రి ఫిలిప్పు ఒక మాట అడుగుతాడు. తండ్రిని చూపించు, మాకు అంతే చాలు అని. పాపం, న్యాయమైన కోరికే. దానికి యేసు దేవుడి లక్షణాలు ఏకరువు పెట్టలేదు. ఇన్నాళ్ళు మీతో ఉన్నాను గదా, నన్ను ఎరగవా అన్నాడు. కలిసి నడిచిన రోజుల్ని గుర్తు చేసుకోమన్నాడు. వివరణ కావాలని అడిగితే సహవాసం చూపించాడు.

ఇక్కడ కొంచెం ఆగి యోహాను 9వ అధ్యాయం దగ్గరగా చూద్దాం. దేవుణ్ణి తెలుసుకోవడం ఎంత మెల్లగా, ఎంత గందరగోళంగా జరుగుతుందో అంత బాగా చూపించిన అధ్యాయం మరొకటి నాకు తెలియదు. పుట్టుగుడ్డివాడు, దారిపక్క కూర్చుని అడుక్కునేవాడు. శిష్యుల మొదటి ప్రశ్నే మన ఊళ్ళో అడిగే ప్రశ్న: ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడు, వీడిదా, వీడి తలిదండ్రులదా? యేసు ఆ రెండూ కాదన్నాడు. ఆ ఒక్క మాటతో ఎంతమంది తల్లుల మీద పడ్డ నింద తుడిచేశాడో లెక్కలేదు. నేల మీద ఉమ్మి, బురద చేసి, అతని కళ్ళకు పూసి, సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు. ఆ కోనేటి మెట్లు 2004లో యెరూషలేములో మురుగు పైపు పని కోసం తవ్వుతుంటే బయటపడ్డాయి. కథలో గమనించవలసిందేమిటంటే, కడుక్కుని చూపు తెచ్చుకునే వేళకు యేసు అక్కడ లేడు. బాగుచేసినవాడి ముఖం ఈ మనిషి చూడనే లేదు.

ఇక మొదలవుతుంది విచారణ. ఇరుగుపొరుగువాళ్ళు అడిగితే, యేసు అనే ఒక మనిషి అన్నాడు. అంతవరకే తెలుసు. పరిసయ్యులు పిలిచి అడిగితే, ఆయన ప్రవక్త అన్నాడు. తలిదండ్రుల్ని పిలిస్తే వాళ్ళు భయపడి, వాడు ఈడు వచ్చినవాడు, వాణ్ణే అడుక్కోండి అని తప్పించుకున్నారు. కన్నవాళ్ళే అలా పక్కకు జరిగిన క్షణం అతనికి ఎలా ఉండి ఉంటుందో యోహాను చెప్పలేదు. మళ్ళీ పిలిచారు. ఆ మనిషి పాపి అని ఒప్పుకోమన్నారు. పాపో కాదో నాకు తెలియదు, నాకు తెలిసిందల్లా ఒక్కటే, అప్పుడు కనపడేది కాదు, ఇప్పుడు కనపడుతోంది అన్న అర్థంలో మాట్లాడాడు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగేసరికి విసుగొచ్చి, మీరూ ఆయన శిష్యులవుతారా ఏమిటని ఎదురడిగాడు! చివరికి దేవుడి దగ్గరి నుంచి వచ్చినవాడు కాకపోతే ఇలా చెయ్యలేడని వాళ్ళకే పాఠం చెప్పాడు. వాళ్ళు అతన్ని బయటికి గెంటేశారు. గెంటేశారని విని యేసు వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడు గానీ ఆయన్ను చూడలేదు, మొక్కలేదు.

మనిషి, ప్రవక్త, దేవుడి దగ్గరి నుంచి వచ్చినవాడు, ప్రభువు. అతని ఎరుక ఇలా పెరిగింది. పెరిగింది ఎక్కడ? ధ్యానంలో కాదు, పాఠశాలలో కాదు. నలుగురూ నిలదీస్తే సమాధానం చెప్పుకోవలసి వచ్చినచోట. మొదటి జవాబు చెప్పేనాటికి అతనికి తెలిసింది చాలా తక్కువ. ఉన్నంతలో నిజం చెప్పాడు, దానికి మూల్యం చెల్లించాడు, మరికొంత తెలిసింది. క్రైస్తవ జ్ఞానం అన్నది ఇలాగే వస్తుందని నా నమ్మకం. ముందు అంతా తెలుసుకుని తరవాత సాక్ష్యం చెప్పడం ఉండదు.

మూడు శతాబ్దాల తరవాత ఇదే విషయం మీద పెద్ద రగడ జరిగింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో అరియస్ అనే పెద్ద బోధకుడు, కుమారుడు సృష్టిలో అన్నిటికంటే గొప్పవాడే కానీ సృష్టిలోనివాడే అని బోధించాడు. పాటలు కట్టి జనంలోకి వదిలాడు. 325లో కాన్‌స్టంటీన్ చక్రవర్తి ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్ పట్టణంలో, అప్పటి నీకయలో, బిషప్పుల మహాసభ పిలిచాడు. సభకు 2025తో 1700 ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వచ్చిన వ్యాసాల్లో చాలావరకు, యేసు దేవుడా కాదా అన్నదే గొడవ అన్నట్టు రాశారు. అసలు చిక్కు ఇంకొంచెం లోపలుంది. అరియస్ లెక్క ప్రకారం తండ్రి ఎవరో కుమారుడికి కూడా పూర్తిగా తెలియదు. సృష్టికర్త స్వరూపం ఏ సృష్టికీ అందదు గదా, అది ఆయన తర్కం. దేవుడి గొప్పతనం కాపాడాలన్న తపనే ఆయనది. మనిషి భక్తిపరుడే.

కానీ ఆ తర్కం ఒప్పుకుంటే ఏమవుతుంది? సుంకరి ఇంట తిన్నది దేవుడి మంచి సేవకుడు మాత్రమే. ఆ సేవకుడి వెనక అసలు దేవుడు ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. ఆయన యేసులా ఉండకపోవచ్చు కూడా. అప్పటికి డీకనుగా ఉండి, తరవాత బిషప్పయి, ఐదుసార్లు ప్రవాసానికి పోయిన అతనాసియస్ జీవితమంతా పోరాడింది ఈ అనుమానంతోనే. కుమారుడు తండ్రితో ఒకే తత్వమని నీకయ సభ తేల్చిన మాటను మనం ఆదివారం విశ్వాస ప్రమాణంలో గబగబా చదివేస్తాం. దాని తాత్పర్యం మామూలు మాటల్లో ఇంతే: యేసు వెనక యేసులా లేని దేవుడు మరొకడు దాక్కుని లేడు. క్రైస్తవ సిద్ధాంతంలో నాకు ఒకే ఒక్క మాట మిగుల్చుకోమంటే ఇదే మిగుల్చుకుంటాను.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. 19వ శతాబ్దం నడిమికి ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడినప్పుడు గానీ అందులోకి మారలేదు. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలో ఒక మాదిగ పల్లెలో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఉండేవాడు. ఈయన రాజయోగ సాధకుడు. ఈ మాట కొంచెం నిదానంగా వినాలి. మిషనరీలు రాకముందు గూడేల్లో అజ్ఞానం తప్ప ఏమీ లేదన్నట్టు మన పాత సంఘ చరిత్రలు రాశాయి. అది నిజం కాదు. గూడేల్లో గురువులున్నారు, తత్వాలు పాడేవాళ్ళున్నారు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య మాదిగవాడు. దేహంలోని చక్రాల్లో దేవతలుంటారని గురువు చెబుతుంటే విని, నిజమేమో చూద్దామని నిద్రపోతున్న భార్య శరీరాన్నే కోసి వెతికాడని, ఏమీ కనపడక గురువు మీదికే వచ్చాడని మనవాళ్ళు చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. కథ భయంకరంగా ఉంటుంది. ఆ కథలోని ఆకలి మాత్రం సామాన్యమైనది కాదు. దేవుడు నిజంగా ఉంటే నాకు కనపడాలి అన్న పట్టుదల అది.

పేరయ్యది కూడా ఆ ఆకలే. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు యేసు గురించి విన్నాడు. ఇంటికి వచ్చి, విన్నంతలో భార్య నాగమ్మకు, చుట్టుపక్కల పల్లెల్లో చుట్టాలకు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో ఒంగోలుకు వచ్చి, నెల్లూరు నుంచి వచ్చిన లైమన్ జ్యూయెట్ దొర చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టింది ఆ తరవాత, అదే ఏడాది సెప్టెంబరులో. మరుసటి జనవరిలో పేరయ్య పిలుపు మీద ఆయన పల్లెకు వెళ్ళి గుడారం వేసేసరికి, మనుషులు తిండి గింజలు మూటగట్టుకుని, బాప్తిస్మానికి మార్చుకోవడానికి ఉతికిన బట్టలు వెంట తెచ్చుకుని కూర్చున్నారు. ఆ మారు బట్టలు చూడండి. దొర వచ్చి ఒప్పించాక తీసుకున్న నిర్ణయం కాదది. తమలో ఒకడు చెప్పగా విని, ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరిన నిర్ణయం. ఆ విడత 28 మంది కలిశారు.

వాళ్ళకు యేసులో ఏం కనపడింది? యోగం వాళ్ళకు దేవుడొక్కడేననీ, విగ్రహంలో లేడనీ అప్పటికే చెప్పింది. అది వాళ్ళు వదులుకోనక్కర్లేకపోయింది. అయితే ఆ దేవుడి దగ్గరికి చేరవలసిన ప్రయాణమంతా సాధకుడిదే. శ్వాస బిగబట్టాలి, మనసు నిలపాలి, మెట్టుమెట్టుగా ఎక్కాలి. రోజంతా తోలు పనిచేసి, వెట్టి చేసి, రైతు పిలిస్తే పరుగెత్తేవాడికి అది ఎంతవరకు సాగుతుంది? సువార్తలో విన్నది తిరగేసిన కథ. ఊరి బయట ఉన్నవాళ్ళ దగ్గరికి దేవుడే నడిచి వచ్చాడు, వాళ్ళతో తిన్నాడు, ఊరి వెలుపలే చచ్చిపోయాడు. యేసును ఊరి వెలుపల చంపారన్న వివరం హెబ్రీయులకు రాసిన పత్రికలో ఉంది. పల్లెకు, ఊరికి మధ్య గీత ఎక్కడుందో పుట్టుకతో తెలిసినవాడికి ఆ వివరం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మొదటి రోజుల్లో ఒంగోలు బ్రాహ్మణులు కొందరు కూడా క్లౌ దగ్గరికి వచ్చేవారు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని చెప్పేశారు. ఆ సందిగ్ధంలో క్లౌ ఒక గదిలో, భార్య హారియెట్ ఇంకొక గదిలో కొత్త నిబంధన తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివర, దేవుడు నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న చోటు, కనపడిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. పుస్తకం తెరిచి కంటపడిన వాక్యాన్ని పట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి కాదు. మన వాళ్ళు దాన్ని వాగ్దానం కార్డుల దాకా తీసుకెళ్ళారు. కానీ ఆ రోజు ఆ గదుల్లో తేలినది మంచి నిర్ణయమే. యేసు లాంటి దేవుడైతే ఎవరి వైపు నిలబడతాడో వాళ్ళకు ముందే తెలుసు. వాక్యం దానికి సంతకం పెట్టింది.

కలిసినవాళ్ళకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిక. ఊరి దేవత కొలువులో డప్పు కొట్టడం మానేస్తే, ఆదివారం రైతు పిలిస్తే రాననంటే, ఊరు ఊరుకుంటుందా? పని మాన్పించారు, కొట్టారు, తప్పుడు కేసులు బనాయించారు. యోహాను 9వ అధ్యాయంలో గెంటివేత ఉందే, అదే ఇక్కడా. దేవుణ్ణి తెలుసుకున్న ఖర్చు ఆ మనుషుల ఒంటి మీద, పొయ్యి మీద పడింది.

తరవాత 1876 నుంచి 78 దాకా ధాతుకరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు క్లౌ తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మేస్త్రీలుగా ఉన్నది పేరయ్య లాంటి బోధకులే. కరువు సాయం నడిచినన్నాళ్ళూ, పదిహేను నెలల పాటు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి. ఆ ఏడాది ఆఖరుకు లెక్క తొమ్మిది వేలు దాటింది. అన్నం కోసం కలిశారన్న మాట అప్పటినుంచి ఇప్పటిదాకా వింటూనే ఉన్నాం. నేను దానికి సిగ్గుపడను. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టిన చెయ్యి నచ్చింది, ఆ చేతిని పంపిన దేవుడు నచ్చాడు. ఐదువేల మందికి రొట్టెలు పంచిన యేసును ఎరిగినవాళ్ళు ఈ వరసను తప్పు పట్టలేరు.

పేరయ్యకు చదువు లేదు, పెద్ద గ్రంథాలు రాయలేదు. అదే పాత నెల్లూరు జిల్లాలో, నెల్లూరు పట్టణంలో, 1886లో పుట్టిన పండిపెద్ది చెంచయ్య రాశారు. 1901లో కుటుంబంతో పాటు క్రైస్తవుడై, లాయరై, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. యేసును అవతారంగా చూస్తూ పుస్తకం రాసిన మద్రాసు లాయరు వెంగల్ చక్కరై ఆయనకు బావమరిది వరస. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, హాలండు దేశస్థుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన పెద్ద పుస్తకం సభ ముందుంది. దేవుడు క్రీస్తులో తనను వెల్లడి చేసుకున్నాడు, మతాలన్నీ, మనిషి వెతుకులాటలన్నీ ఆ వెల్లడి ముందు తీర్పుకు నిలబడతాయని క్రేమర్ వాదం. చెంచయ్య, మిత్రులు కలిసి అదే ఏడాది భారతదేశంలో క్రైస్తవాన్ని తిరిగి ఆలోచించాలంటూ పుస్తకం తెచ్చారు. చెంచయ్య క్రేమర్‌ను గట్టిగానే ఎదుర్కొన్నారు.

చెంచయ్య మాట ఇది: హిందూ దేశంలోంచి వచ్చిన క్రైస్తవుడికి సిద్ధాంతాలు కాదు, క్రీస్తు కావాలి. మధ్యలో ఏ తెరా లేకుండా. యేసు కొత్త సృష్టికి మొదటి ఫలం. ఆయనలోని జీవం పరిశుద్ధాత్మ ద్వారా మనలోకి వచ్చి మనమూ కొత్త మనుషులం కావాలి. దేవుణ్ణి తెలుసుకోవడమంటే ఆ జీవంలో పాలు పంచుకోవడం. ఈయన మీద కుంభకోణం మాస్టర్ సి.వి.వి. యోగ ప్రభావం కూడా ఉంది. పేరయ్య యోగం నుంచి యేసు దగ్గరికి వచ్చాడు, చెంచయ్య యేసును పట్టుకుని యోగం వైపు చూశారు. ఇద్దరికీ మధ్య ఒక తరం దూరం, చదువులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఆకలి ఒకటే.

ఈ వాదంలో నేను సగం చెంచయ్య వైపు. యేసు గురించి తెలిసినంత మాత్రాన యేసును ఎరిగినట్టు కాదని ఆయన పట్టుకున్న పట్టు సరైనది. కానీ సంఘం లేకుండా, మధ్యవర్తులు లేకుండా క్రీస్తు నేరుగా దొరుకుతాడన్నట్టు రాసినచోట నేను ఆగిపోతాను. చెంచయ్యగారికి యేసు దొరికింది నాలుగు సువార్తల్లో. వాటిని చేత్తో రాసి, ఎత్తి రాసి, దాచి, మోసుకొచ్చింది సంఘమే, ఎన్ని లోపాలున్నా. పేరయ్యకు దొరికింది ఎవరో చెప్పిన మాటలో. చదువురాని లక్షలమంది తెలుగువాళ్ళకు దొరికింది పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ళు కట్టిన కీర్తనల్లో, రాగం పట్టి నేర్చుకుని. దోర్నకల్ బిషప్ అజరయ్య కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేతులు వాళ్ళ తలల మీదే పెట్టించి, సువార్త చెప్పి తీరుతామని ఒట్టు వేయించేవారట. చదువు రానివాళ్ళ చేత, నిన్న మొన్న కలిసినవాళ్ళ చేత! పండితులకు ఇది తొందరపాటు అనిపించవచ్చు. పుట్టుగుడ్డివాడి కథ చదివినవాళ్ళకు అనిపించదు.

ఇక మన రోజుల సంగతి, క్లుప్తంగా. ఆ మధ్య ఒక ఆదరణ కూడికకు వెళ్ళాను. చిన్నబిడ్డ పోయిన ఇల్లు. వచ్చిన బోధకుడు, పేరు అనవసరం, ఆ తల్లి ఎదురుగా కూర్చుని ఉండగా, కానుకల్లో దేవుణ్ణి మోసం చేసినవాళ్ళ ఇళ్ళలో ఇలా జరుగుతుందని చెప్పాడు. ఆమె తలెత్తలేదు. ఆ బోధకుడి నోట యేసు పేరు చాలాసార్లు వచ్చింది. ఆయన చెప్పిన దేవుడు మాత్రం యేసులాంటివాడు కాదు. ఎవరి పాపం అన్న ప్రశ్నకు యేసు ఏం జవాబిచ్చాడో ఆయనకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆ జవాబుతో తన దేవుణ్ణి దిద్దుకోలేదు, అంతే. నూనె సీసాలు అమ్మే దేవుడు, వీసాలు ఇప్పించే దేవుడు, ఒక కులం శవానికి సమాధుల దొడ్డిలో వేరే మూల చూపించే దేవుడు, వీళ్ళందరికీ మన గుళ్ళలోనే చోటుంది. అరియస్ సిద్ధాంతాన్ని మనం కాగితం మీద ఓడించాం. యేసు వెనక యేసులా లేని మరో దేవుణ్ణి మాత్రం పోనివ్వలేదు.

విద్యార్థులకు ఒక పని అప్పజెప్పి ముగిస్తాను. పేరయ్య సంగతులు మనకు తెలిశాయంటే, క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఆ పల్లెల్లో మనుషుల్ని అడిగి, విని, 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ పేరుతో పుస్తకం రాసినందువల్ల. అది ఇంగ్లిషు పుస్తకం. తెలుగులో మనం రాసుకున్నది బహు తక్కువ. మీ సంఘాల్లో ఎనభై దాటినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ తాతముత్తాతలు ఏం విని కలిశారో, ఎవరు చెబితే విన్నారో, కలిశాక ఊళ్ళో ఏం పోగొట్టుకున్నారో వాళ్ళ నోటివెంట వచ్చే కథలు అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, మీ ప్రసంగపు భాషలోకి మార్చకుండా రాయండి. సెల్‌ఫోనులో గొంతు కూడా పట్టి ఉంచండి. ఈ వేసవి సెలవుల్లో మీ సొంత ఊరి నుంచే మొదలుపెట్టండి. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి ఎవరు వచ్చినా, మీరు తెచ్చిన ఆ రాతల మీదనే మాట్లాడమని అడగండి.